పీచు పొడా, కొత్తరకం చక్కెరా? ఎంజైమ్ ఎక్కడ ఆగిందో చూసి ఎంచుకోండి

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం, విశాఖ మధురవాడలో మా పై అంతస్తు వదిన ఒక తెల్ల డబ్బా పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. ఆమె చోడిపిండి (రాగిపిండి) లడ్డూలు చేసి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకు అమ్ముతుంది. చిన్న వ్యాపారమే, కానీ మాట పోగొట్టుకోని మనిషి. డబ్బా మీద ‘ప్రీబయోటిక్ ఫైబర్ సిరప్’ అని ఉంది. బెల్లం తగ్గించి ఇది కలిపితే షుగర్ ఉన్నవాళ్లు కూడా తినొచ్చని అమ్మినాయన చెప్పాడట. వేలికి అంటించుకుని నాకి చూసి, “పీచంటన్నారు, మరి ఇంత తియ్యగా ఉన్నాదేటమ్మా?” అంది.

మా మామగారి కోసం కొన్న యూరిన్ షుగర్ స్ట్రిప్స్ ఇంట్లో ఉన్నాయి. గ్లాసు నీళ్లలో ఒక టీ స్పూన్ సిరప్ కలిపి, అందులో ఒక పట్టీ ముంచాను. నీలంగా ఉన్న గడి ముందు పచ్చబడింది, అర నిమిషానికి ముదురు గోధుమరంగుకు తిరిగింది. డబ్బా మీది రంగుల వరుసలో అది చిట్టచివరి గడి. ఆ పట్టీ మీద ఉండేది గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్, అంటే ఒక రసాయన మార్పును నడిపించే ప్రొటీన్. గ్లూకోజ్‌ను తప్ప వేరే చక్కెరను అది పట్టించుకోదు. అంటే పీచు పేరుతో వచ్చిన ఆ డబ్బాలో గ్లూకోజ్ దండిగా ఉంది. అలాగని అమ్మినాయన చెప్పింది పూర్తిగా అబద్ధమూ కాదు. అందులో సగానికి పైగా నిజంగానే పీచు. మిగతా సగం సంగతే ఆయన చెప్పలేదు.

ఆంధ్రా యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ చదివాను. కొన్నేళ్లుగా ఇలాంటి చిన్న యూనిట్ల వాళ్లకు ఏ పొడి ఎందులో వేయాలో చెబుతున్నాను. ఎఫ్‌వోఎస్, జీవోఎస్ అనే పీచులు, ఐసోమాల్ట్యులోజ్, అల్యులోజ్ అనే చక్కెరలు అంటూ ఈ మధ్య ఆన్‌లైన్లో పేర్లు కుప్పలుగా వచ్చిపడ్డాయి. ఇవన్నీ మామూలు చక్కెర, పాలచక్కెర, గంజిపిండి (స్టార్చ్), మొక్కజొన్న కండె లాంటి వాటి మీద ఎంజైమ్‌లతో పని చేయించి తయారుచేసినవే. ఏది మంచిదని అడిగేవాళ్లను నేను తిరిగి రెండు ప్రశ్నలు అడుగుతాను. మీకు దీనితో ఏం పని? ఎంజైమ్ పని ఆపేశాక తొట్టిలో మిగిలినదాన్ని తీసేశారా, లేక దానితోనే అమ్ముతున్నారా?

పని ఏదో ముందు తేల్చుకోండి

‘ఆరోగ్యకరమైన చక్కెర’ అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులు కలిసిపోయాయి. మొదటిది కేలరీలు తగ్గించడం. రెండోది రక్తంలోకి గ్లూకోజ్ నెమ్మదిగా దిగేలా చేయడం. మూడోది పెద్దపేగులో ఉండే బిఫిడో బ్యాక్టీరియా లాంటి మేలు చేసే సూక్ష్మజీవులకు మేత వేయడం; ‘ప్రీబయోటిక్’ అంటే ఇదే. అల్యులోజ్ మొదటి పనిలో గట్టిది, మూడోదానికి దాన్ని కొనకూడదు. ఐసోమాల్ట్యులోజ్ రెండోది చేస్తుంది, మొదటిది అసలు చేయదు. ఎఫ్‌వోఎస్, జీవోఎస్, మొక్కజొన్న కండె నుంచి తీసే ఎక్స్‌వోఎస్ అనే పీచు మూడో పని కోసం పుట్టినవి. మొదటిదాంట్లో కూడా కొంత సాయపడతాయి. ఈ తేడా తెలియకపోతే బరువు తగ్గాలనుకునేవాళ్లు ఐసోమాల్ట్యులోజ్ కొంటారు, మలబద్ధకం ఉన్నవాళ్లు అల్యులోజ్ కొంటారు. రెండూ డబ్బు దండగే.

చక్కెరతో అల్లిన దండ: ఎఫ్‌వోఎస్

దీని గురించి కాస్త వివరంగా చెబుతాను. మన దగ్గర ఎక్కువగా దొరికేది ఇదే, ఎక్కువ మోసపోయేదీ ఇక్కడే.

మామూలు చక్కెర అణువంటే ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్ చేయి కలిపిన జంట. ఆస్పర్జిల్లస్ నైజర్ లాంటి బూజుల నుంచి తీసే ఫ్రక్టోసిల్ ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైమ్ ఒక జంటలోంచి ఫ్రక్టోజ్‌ను విడదీసి ఇంకో జంట చివర కడుతుంది. పూర్ణా మార్కెట్ దగ్గర పూలు కట్టే ఆడవాళ్లు ఒక మూరలోంచి పువ్వు తీసి ఇంకో మూరకు ఎలా కడతారో, ఇదీ అంతే. ఒక ఫ్రక్టోజ్ చేరితే కెస్టోజ్, రెండు చేరితే నిస్టోజ్, మూడు చేరితే ఇంకాస్త పొడుగు దండ. ఈ చిన్న దండలన్నిటినీ కలిపి ఫ్రక్టో ఒలిగో శాకరైడ్లు, పొట్టిగా ఎఫ్‌వోఎస్ అంటారు. ఉల్లిపాయ, వెల్లుల్లి, అరటిపండు, గోధుమల్లో ఇవి సహజంగానే కొద్దికొద్దిగా ఉంటాయి. ఆ ఫ్రక్టోజ్ ముడులను విప్పే సాధనం మన చిన్నపేగులో లేదు. అందుకే అవి అరక్కుండా పెద్దపేగుకు చేరి అక్కడి బ్యాక్టీరియాకు ఆహారమవుతాయి. గ్రాముకు మనకు దక్కే శక్తి 1.5 నుంచి 2 కేలరీలు. చక్కెరకైతే 4. జపాన్‌లో మెయిజీ కంపెనీ 1980ల్లోనే వీటిని ఈ పద్ధతిలో మార్కెట్లోకి తెచ్చింది. మన రాష్ట్రంలో తడ దగ్గరి మాంబట్టులో టాటా కెమికల్స్ తయారుచేస్తోంది.

ఇప్పుడు అసలు చిక్కు. పువ్వు తీసిన ప్రతి జంటలోనూ ఒక గ్లూకోజ్ ఒంటరిగా మిగిలిపోతుంది. దండలు పెరిగేకొద్దీ తొట్టిలో గ్లూకోజ్ పేరుకుంటుంది, ఆ గ్లూకోజే ఎంజైమ్‌కు అడ్డం పడి దాని చేతులు కట్టేస్తుంది. అందుకని చక్కెర పాకం ఎంత చిక్కగా పెట్టినా, వేడి 50–60 డిగ్రీల దగ్గర ఎంత జాగ్రత్తగా నిలిపినా, పని 55–60 శాతం దగ్గర ఆగిపోతుంది. నూటికి మిగిలిన 40–45 వంతుల్లో సుమారు 30 గ్లూకోజ్, 10 మారని చక్కెర. దాన్ని అలాగే చిక్కబరిచి డబ్బాలో పోస్తే అది 55 శాతం సిరప్. మా వదిన తెచ్చింది అదే. గ్లూకోజ్‌ను, చక్కెరను వేరుచేసే యంత్రాల గుండా పంపి ఆరబెడితే 95 శాతం పొడి అవుతుంది. ధరలో తేడా అంతా అక్కడే.

నాలుకే మొదటి సాక్షి. 95 శాతం పొడికి చక్కెర తీపిలో 30 శాతం మాత్రమే ఉంటుంది. 55 శాతం సిరప్ దానికి దాదాపు రెట్టింపు తియ్యగా ఉంటుంది. ‘ఎక్కువ తియ్యగా ఉండే ఫైబర్’ అని ఎవరైనా గొప్పగా చెబితే అది గొప్ప కాదు, మిగిలిపోయిన చక్కెర. స్ట్రిప్ పరీక్షతో దాన్ని రూఢి చేసుకోవచ్చు. అయిదు గ్రాముల సరుకు, 200 మిల్లీలీటర్ల నీళ్లు, ఒక పట్టీ చాలు. 95 శాతం పొడికి రంగు దాదాపు మారదు. ఒకటి గుర్తుంచుకోండి: పట్టీ గ్లూకోజ్‌ను మాత్రమే పడుతుంది, మామూలు చక్కెరను పట్టదు. కాబట్టి ఎవరైనా పొడిలో పంచదార కలిపితే ఇది చెప్పలేదు. వ్యాపారానికి కొనేవాళ్లు ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ (ఏ చక్కెర ఎంతుందో విడదీసి కొలిచే పరీక్ష) రిపోర్టు ఒక్కసారైనా తీయించుకోవాలి. అమ్మేవాళ్లను ఆ బ్యాచ్ రిపోర్టు అడిగితే ఇచ్చేవాళ్లు ఇస్తారు, నీళ్లు నమిలేవాళ్లు నములుతారు. ఎవరి దగ్గర కొనాలో అప్పుడే తెలిసిపోతుంది.

ఎఫ్‌వోఎస్‌కు మూడు శత్రువులు: పులుపు, ఈస్ట్, తేమ. పులుపులో, అందులోనూ వేడి తగిలితే, ఆ ముడులు ఊడిపోతాయి. నిరుడు నిమ్మరసం స్క్వాష్ చేసే ఒకావిడ, నెల తిరిగేసరికి సీసాలో సరుకు తియ్యబడుతోందని ఫోన్ చేసింది. ఆమె ఏమీ కలపలేదు. దండలు తెగి ఫ్రక్టోజ్ విడిగా వచ్చింది, ఫ్రక్టోజ్ చక్కెర కన్నా తీపి. పీచు కోసం ఎక్కువ ధర పెట్టి కొన్న పొడి సీసాలోనే మామూలు చక్కెరగా మారిపోయింది. ఈస్ట్ సంగతీ అంతే. బన్ను పిండిలో వేస్తే ఓవెన్‌కు వెళ్లేలోపే ఈస్ట్ చాలాభాగం తినేస్తుంది. చోడి అంబలికి రాత్రి పులియబెట్టేటప్పుడు కలపకూడదు. పొద్దున కాచి, గోరువెచ్చగా అయ్యాక కలపాలి.

తేమ గురించి విశాఖలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. జూలైలో ప్యాకెట్ విప్పి, రబ్బరు బ్యాండ్ వేసి గట్టు మీద పెడితే మూడోరోజుకు పొడి గడ్డకడుతుంది. వారానికి అడుగున బంకలా సాగుతుంది. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఇంకా తొందరగా. కిలో ప్యాకెట్లే కొనండి, 25 కిలోల బస్తా చవకని ఎగబడకండి. బిగుతు మూత డబ్బా, పొడి చెంచా, వాడిన వెంటనే మూత. ఇంతకు మించి మంత్రం లేదు.

పాల నుంచి, మొక్కజొన్న కండె నుంచి

పులుపు, వేడి తట్టుకోవాలంటే జీవోఎస్, ఎక్స్‌వోఎస్‌ల వైపు చూడాలి.

జీవోఎస్, అంటే గెలాక్టో ఒలిగో శాకరైడ్లు, పాలచక్కెర (లాక్టోజ్) నుంచి వస్తుంది. లాక్టోజ్‌ను విరిచే బీటా గెలాక్టోసిడేజ్ ఎంజైమే ఇక్కడా పనిచేస్తుంది. నీళ్లు ఎక్కువుంటే ఆ ఎంజైమ్ లాక్టోజ్‌ను గ్లూకోజ్, గెలాక్టోజ్ అనే రెండు ముక్కలు చేసి ఊరుకుంటుంది. లాక్టోజ్ బాగా చిక్కగా ఉంటే మాత్రం విరిచిన గెలాక్టోజ్‌ను నీటికి బదులు ఇంకో లాక్టోజ్‌కు అతికిస్తుంది. ఒకే ఎంజైమ్, చిక్కదనాన్ని బట్టి కత్తెరా అవుతుంది, సూదీ అవుతుంది. చదువుకునే రోజుల్లో నాకు అన్నిటికన్నా అబ్బురంగా అనిపించిన విషయం ఇది, ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఇదీ మధ్యలోనే ఆగుతుంది. శుద్ధి చేయని సిరప్‌లో లాక్టోజ్, గ్లూకోజ్ మిగిలి ఉంటాయి. పాలు పడనివాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఆ అంకెలు చూడకుండా కొనకూడదు. పాల ఎలర్జీ ఉన్న ఇంట్లో దీన్ని అసలు పెట్టకండి. పెరుగు, మజ్జిగ, ఫ్లేవర్డ్ మిల్క్ చేసేవాళ్లకు దీనికన్నా నప్పేది నాకు కనిపించలేదు. రుచి పాలలో కలిసిపోతుంది, కాచినా చెక్కుచెదరదు.

పసిపిల్లల పాలడబ్బాల్లో జీవోఎస్, పొడుగు దండల ఫ్రక్టాన్లు 9:1 పాళ్లలో కలపడం చాలా దేశాల్లో ఉంది. అది చూసి ఇంట్లో పిల్లల పాలలో చెంచాడు వేద్దామని ఒక తల్లి అడిగింది. వద్దని గట్టిగా చెప్పాను. పాలడబ్బా లెక్క వేరు, మన చెంచా లెక్క వేరు. తల్లిపాలలోని ఒలిగోశాకరైడ్ల పేరుతో వచ్చేవాటిని చాలావరకు జన్యువులు మార్చిన బ్యాక్టీరియాతో పులియబెట్టి తయారుచేస్తారు. అవి డబ్బాపాలు తయారుచేసే కంపెనీల సరుకు, మన వంటింటివి కావు.

ఎక్స్‌వోఎస్, అంటే జైలో ఒలిగో శాకరైడ్లు, మొక్కజొన్న కండె నుంచి వస్తుంది. గింజలు ఒలిచాక విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో పొయ్యిలోకి పోయే ఆ కండెలో జైలాన్ అనే గట్టి పదార్థం ఉంటుంది. జైలనేజ్ ఎంజైమ్ దాన్ని రెండు మూడు చక్కెర అణువుల ముక్కలుగా కత్తిరిస్తుంది. ఇది అల్లిక కాదు, కోత. అందుకని గ్లూకోజ్ పేరుకునే బాధ లేదు. నిమ్మరసం, చింతపండు పులుపును, మరిగే వేడిని తట్టుకుంటుంది. రోజుకు ఒకటి రెండు గ్రాములతోనే పని జరుగుతుంది. ఎఫ్‌వోఎస్ అయితే అయిదారు గ్రాములు కావాలి. కిలో ధర చూసి బెదిరిపోతారు గానీ, గ్లాసుకు ఎంత పడుతుందో లెక్కేస్తే తేడా చాలా తగ్గిపోతుంది. స్క్వాష్ చేసే ఆవిడకు చివరికి నేను చెప్పింది ఇదే. మన చెరకు పిప్పిలోనూ జైలాన్ ఉంది. అనకాపల్లి చుట్టూ అంత చెరకు ఆడుతుంటే ఈ పొడి ఎక్కువగా చైనా నుంచి రావడం నాకు బాధగానే ఉంటుంది.

చక్కెరే, కానీ నిదానం

ఐసోమాల్ట్యులోజ్‌లో ఏమీ తీయలేదు, ఏమీ చేర్చలేదు. అదే గ్లూకోజ్, అదే ఫ్రక్టోజ్. వాటి మధ్య ముడిని మాత్రం ఒక ఎంజైమ్ ఒకచోటు నుంచి ఇంకోచోటుకు మార్చింది. జర్మనీలో చక్కెర కంపెనీ శాస్త్రవేత్తలు 1957లో దీన్ని గుర్తించారు. తేనెలోనూ చెరకు రసంలోనూ లేశమాత్రం ఉంటుంది. కొత్త ముడిని మన పేగు విప్పగలదు, కానీ మెల్లిగా. గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో గ్లూకోజ్ ఎంత పెరుగుతుందో చెప్పే అంకె) 32, మామూలు చక్కెరకు 65 దాకా. ఈ ఎంజైమ్ 80 శాతం పైదాకా పని పూర్తిచేస్తుంది, సరుకు చక్కగా స్ఫటికంగా విడిపోతుంది. కాబట్టి మిగులు బాధ తక్కువ. గాలిలో తేమను కూడా పెద్దగా పీల్చదు, మన ఊరికి అది పెద్ద వరం.

కానీ గ్రాముకు 4 కేలరీలూ ఉంటాయి, పెద్దపేగుకు చేరేది ఏమీ ఉండదు. తీపి చక్కెరలో సగమే. తీపి సరిపోవడంలేదని రెట్టింపు వేస్తే కేలరీలు కూడా రెట్టింపవుతాయి, వచ్చిన లాభం పోతుంది. పొద్దున్నే బీచ్ రోడ్డులో పది కిలోమీటర్లు పరుగెత్తేవాళ్ల డ్రింకు పొడిలో దీనికి న్యాయమైన చోటుంది. షుగర్ ఉన్నవాళ్లకు ‘ఇది తింటే ఏం కాదు’ అని చెప్పి పెట్టడంలో లేదు. చక్కెర తినే చోట దీన్ని తింటే గ్లూకోజ్ పెరిగే వేగం తగ్గుతుంది, అంతే. ఫ్రక్టోజ్ పుట్టుకతోనే పడని అరుదైన జబ్బు ఉన్నవాళ్లు దీనికీ, ఎఫ్‌వోఎస్‌కీ దూరంగా ఉండాలి.

ట్రెహలోజ్ కూడా ఈ వరుసలోదే. గంజిపిండి నుంచి రెండు ఎంజైమ్‌లతో తయారుచేయడం జపాన్‌లో హయాషిబారా కంపెనీ 1990ల మధ్యలో మొదలుపెట్టాక అది వంటింటికి అందే ధరకు దిగింది. దానికీ పూర్తి కేలరీలే. దాన్ని కొనాల్సింది ఆరోగ్యం కోసం కాదు, మెత్తదనం కోసం. బియ్యప్పిండి వంటలు చల్లారి గట్టిపడటాన్ని ఆలస్యం చేస్తుంది.

అల్యులోజ్: అందరూ అడిగేది

జపాన్‌లోని కగావా యూనివర్సిటీలో కెన్ ఇజుమోరి బృందం 1990ల్లో ఒక బ్యాక్టీరియాలో కనిపెట్టిన ఎపిమరేజ్ ఎంజైమ్ ఫ్రక్టోజ్‌లో ఒకే ఒక్క చోట అమరికను తిప్పేస్తుంది. అలా వచ్చేదే అల్యులోజ్. చక్కెర తీపిలో 70 శాతం, గ్రాముకు 0.4 కేలరీ. పేగులోంచి రక్తంలోకి వెళ్లినా శరీరం వాడుకోలేదు, చాలాభాగం మూత్రంలో బయటికి పోతుంది. అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో దీన్ని లేబుల్ మీద ‘మొత్తం చక్కెర’ లెక్కలో కలపనక్కర్లేదని చెప్పింది.

ఇక్కడా ఎంజైమ్ ఎక్కడ ఆగుతుందో చూడండి. ఇది తిప్పడమూ చేస్తుంది, తిరిగి మళ్లీ వెనక్కి తిప్పడమూ చేస్తుంది. అందుకే 25–30 శాతం దగ్గర తూకం కుదిరిపోతుంది. మిగతా 70 వంతుల ఫ్రక్టోజ్‌ను వేరుచేసి మళ్లీ తొట్టిలో పోయాలి. దాని ఖరీదంతా ఆ వేరుచేతలోనే ఉంది. చవకగా వచ్చే ‘అల్యులోజ్ సిరప్’ కనిపిస్తే అందులో ఫ్రక్టోజ్ ఎంతుందో అడగండి. స్ట్రిప్ ఇక్కడ పనికిరాదు, అది ఫ్రక్టోజ్‌ను చూడదు. ల్యాబ్ రిపోర్టు ఒక్కటే దారి. ఇంకో మాట: యూరప్‌లో దీనికి ఇంకా తలుపు తెరుచుకోలేదు. ఒక దేశం ఒప్పుకుంది కదా అని మన దగ్గర అమ్మేయలేం. మీ ఉత్పత్తిలో వేయాలంటే అమ్మేవాళ్ల దగ్గర మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతి కాపీ చేతికి తీసుకున్నాకే ఆర్డర్ పెట్టండి.

వంటలో దీని గుణం వేరు. చక్కెర కన్నా చాలా తొందరగా ఎర్రబడుతుంది. కేకు లోపల ఉడికేలోపే పైన మాడు రంగు వస్తుంది, వేడి తగ్గించి పెట్టాలి. చిక్కీకి పనికిరాదు. ఉండపాకం వచ్చినట్టే ఉంటుంది, చల్లారాక మెత్తగా సాగుతుంది, విరగదు. ఐస్‌క్రీమ్‌కు మాత్రం ఆ మెత్తదనమే మేలు. ఒక్కసారికి శరీర బరువులో కిలోకు 0.4 గ్రాము దాటితే కడుపు తిప్పుతుంది. 60 కిలోల మనిషికి 24 గ్రాములు. స్వీటు ముక్కల్లో ఆ హద్దు అనుకున్నదానికన్నా తొందరగా వచ్చేస్తుంది.

టాగటోజ్ దీని దగ్గరి బంధువు. పాలచక్కెరలోని గెలాక్టోజ్ నుంచి వస్తుంది, తీపి 92 శాతం, గ్రాముకు 1.5 కేలరీ. రుచికి నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. అంగట్లో దొరకడమే కష్టం.

పేరుకు పీచు

ఐఎంవో అనే ఐసోమాల్టో ఒలిగోశాకరైడ్ల గురించి జాగ్రత్త. గంజిపిండిని ఎంజైమ్‌లతో విరిచి, ట్రాన్స్‌గ్లూకోసిడేజ్‌తో కొన్ని ముడులు మార్చి తయారుచేస్తారు. ప్రొటీన్ బార్లలో ఏళ్ల తరబడి దీన్ని పీచుగా లెక్కేశారు. అందులో పెద్దభాగం చిన్నపేగులోనే అరిగి గ్లూకోజ్ అవుతుంది. 2018లో ఎఫ్‌డీఏ కొత్తగా ఒప్పుకున్న పీచుల జాబితాలో జీవోఎస్, రెసిస్టెంట్ డెక్స్‌ట్రిన్ ఉన్నాయి, ఐఎంవో లేదు. షుగర్ ఉన్న మనిషి కోసం కొంటున్న బార్‌లో మొదటి దినుసు ఐఎంవో అయితే దాన్ని మళ్లీ అరలోనే పెట్టేయండి.

రెసిస్టెంట్ డెక్స్‌ట్రిన్ దీనికి తిరగబడ్డ బొమ్మ. గంజిపిండిని కొద్దిగా ఆమ్లంతో వేయించి, ఆపైన గంజిపిండిని అరిగించే ఎమైలేజ్ ఎంజైమ్‌తో అరిగేదంతా అరిగించేస్తారు. ఎంజైమ్‌కు లొంగనిదే మిగులుతుంది. ఇక్కడ మిగులే సరుకు. రుచి లేదు, వాసన లేదు, పులుపుకూ వేడికీ జంకదు. పప్పులో, రసంలో, పుల్కా పిండిలో దేనిలోనైనా కలిసిపోతుంది. పేగు బ్యాక్టీరియా దీన్ని నెమ్మదిగా తింటుంది కాబట్టి గ్యాస్ కూడా తక్కువ. పెద్దవాళ్లున్న ఇంటికి ఒకే ఒక్క పొడి చెప్పమంటే నేను దీన్నే చెబుతాను.

మన వంటలకు పెట్టి చూస్తే

మాడుగుల హల్వా చేసే ఇంటివాళ్లు ఒకరు చక్కెర తగ్గించే దారి అడిగారు. గోధుమపాలు, నెయ్యి, చక్కెర గంటల తరబడి కలిసి ఉడికే వంట అది. ఐసోమాల్ట్యులోజ్ నీళ్లలో తక్కువగా కరుగుతుంది, నిల్వలో పలుకు తేలుతుంది. అల్యులోజ్ ముందే నల్లబడుతుంది. ఎఫ్‌వోఎస్‌కు అంతసేపు వేడి మంచిది కాదు. ఆ వంటను కదపొద్దని, ముక్క చిన్నది చేసి అమ్మమని చెప్పాను. కొన్ని వంటలను వాటి మానాన వాటిని వదిలేయాలి.

వేరుశనగ చిక్కీలో బెల్లానికి బదులు ఏదీ నిలవలేదు. బెల్లం తగ్గించి గింజ పెంచడమే తెలివి. ఇక్కడే ఒకటి చెప్పాలి: అనకాపల్లి బెల్లం అంటే నాకు ప్రాణం, కానీ అందులో ఎక్కువభాగం చక్కెరే. షుగర్ ఉన్నవాళ్లకు అది మందు కాదు. పాల ఐస్‌లు, ఫ్లేవర్డ్ మిల్క్‌కు జీవోఎస్. పుల్లటి షర్బత్‌లకు ఎక్స్‌వోఎస్. బిస్కెట్లకు 95 శాతం ఎఫ్‌వోఎస్ నడుస్తుంది, బేకింగ్ పౌడర్‌తో చేసేవాటికి. ఈస్ట్ వేసేవాటికి రెసిస్టెంట్ డెక్స్‌ట్రిన్.

ఏ పీచైనా మొదటిరోజే పది గ్రాములు వేసుకోకండి. రెండు మూడు గ్రాములతో మొదలుపెట్టి వారం ఆగి పెంచండి. పేగు జబ్బు ఐబీఎస్ ఉన్నవాళ్లకు ఎఫ్‌వోఎస్, జీవోఎస్ కడుపు ఉబ్బరం తెచ్చిపెడతాయి, వాళ్లు డాక్టర్‌ను అడక్కుండా ముట్టుకోకూడదు. షుగర్ మందు వాడేవాళ్లు కొత్త పొడి మొదలుపెట్టిన రోజున తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసుకోవాలి. ప్యాకెట్ ఏం చెప్పినా మీ ఒంటికి పడుతుందో లేదో తేల్చేది ఆ అంకే.

అమ్మేవాళ్లకు లేబుల్ సంగతి. ‘షుగర్ ఫ్రీ’ అని రాయాలంటే 100 గ్రాముల్లో చక్కెరలు 0.5 గ్రాము దాటకూడదు. ఐసోమాల్ట్యులోజ్ కూడా చక్కెర లెక్కలోకే వస్తుంది. 55 శాతం సిరప్ పోసి ‘చక్కెర కలపలేదు’ అని రాస్తే అది తప్పుడు మాట, ఎందుకంటే సిరప్‌తో పాటు చక్కెర కూడా లోపలికి వచ్చింది. ‘పీచు ఉంది’ అనడానికి 100 గ్రాములకు 3 గ్రాములు, ‘పీచు ఎక్కువ’ అనడానికి 6 గ్రాములు ఉండాలి. ఒలిగోఫ్రక్టోజ్ వేస్తే 100 గ్రాముల్లో ఎన్ని గ్రాములుందో విడిగా రాయాలి.

వదిన ఆ సిరప్ డబ్బా తిరిగి ఇచ్చేసింది. ఇప్పుడు 95 శాతం పొడి కిలో ప్యాకెట్లలో తెప్పిస్తుంది, బ్యాచ్ రిపోర్టు ఫోన్‌లో దాచుకుంటుంది. చోడిపిండి వేయించి, బెల్లం మునుపటిలో సగానికి తగ్గించి, నెయ్యి పోసి, పిండి చేయి పట్టేంత చల్లారాక చివర్లో పొడి కలుపుతుంది. 40 గ్రాముల లడ్డూకు 3 గ్రాములు. అంటే 100 గ్రాములకు 7.5 గ్రాములు, ‘పీచు ఎక్కువ’ అని ధైర్యంగా రాసుకోవచ్చు. ‘షుగర్ ఉన్నవాళ్లకు’ అన్న మాట మాత్రం లేబుల్ మీద నుంచి తీసేయించాను. దాని బదులు ‘బెల్లం ఉంది, రోజుకు ఒకటి’ అని రాయించింది. వర్షాకాలంలో ఉదయం తొమ్మిది లోపే ప్యాకింగ్ ముగిస్తుంది, ఆ తర్వాత చెమ్మ గాలికి సీలు వేసే కవరు లోపల కూడా తడి తగులుతోందట.